ఒక్క గోడ మీది చిట్టిజడ

ఎండునాచుల గది, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

వదినా,

ముందు నవ్వేసెయ్, తర్వాత చదువుకో. నా కాలు విరిగింది. ఎలా విరిగిందని అడక్కుండా ఉండవు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. నాచు మీద కాలేసి జారాను. పదకొండేళ్ళుగా నాచుమొక్కల మీదే పనిచేస్తున్న మనిషిని, ఆఫీసు వెనక మెట్ల మీద పచ్చగా ఏదో కనిపిస్తే చూద్దామని వంగి, దాని మీదే అడుగేశాను. డాక్టరు కట్టు కడుతూ "ఏ జాతి నాచండీ?" అన్నాడు. జాతి పేరు చెప్పాను కూడా. పాపం, ఆ మనిషి నవ్వాపుకోలేక పక్క గదిలోకి వెళ్ళి వచ్చాడు.

ఇప్పుడు కాలు స్టూలు మీద, నేను కుర్చీలో. నాలుగైదు నెలలు గోడలూ గట్లూ ఎక్కొద్దన్నారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. నీకు చిట్టిజడ గురించి ఎప్పుడో చెప్పాను, నువ్వు కునుకు తీసే ఉంటావు. మళ్ళీ చెప్తాను విను. బియ్యపుగింజంత కూడా ఎత్తుండని నాచుమొక్క. ఎండితే ఆకులన్నీ మెలితిరిగి జడ అల్లినట్టు అయిపోతాయి. నీళ్ళు చిలకరిస్తే పది లెక్కపెట్టేలోపు విచ్చుకుంటాయి. ఇంత ప్రపంచంలో అది ఉన్నట్టు ఒక్క చోటే రికార్డయింది. మీ నీటి శుద్ధి కేంద్రంలో పాత ఫిల్టరు గది ఉత్తరపు గోడ. అవును, నువ్వు రోజూ బ్రష్షు పట్టుకుని తిరిగే గోడే.

మే నెలలో మా కమిటీ కూర్చుంటుంది. ఏ మొక్క ఎంత ప్రమాదంలో ఉందో వాళ్ళు తేలుస్తారు. అన్నిటికంటే పై మెట్టు 'తీవ్ర ప్రమాదం'. ఆ మెట్టెక్కిన మొక్క పెరిగే చోటుని ఎవరూ ముట్టుకోకూడదు. కింది మెట్లయితే జాగ్రత్తగా చూసుకోండని చెప్పి వదిలేస్తారు. ఏ మెట్టన్నది అది ఎన్ని చోట్ల ఉందో దాన్నిబట్టి ఉంటుంది. అందుకని నాకు నీ కళ్ళు కావాలి వదినా. ఏడు ట్యాంకులూ, కాలవ గట్లూ, మెట్లూ అన్నీ చూడు. భూతద్దం, అట్టముక్కలు పంపుతున్నాను. ఒక్కో చోటికి ఒక్కో అట్ట. ఉంటే చిటికెనవేలి గోరంత తీసి కాగితంలో మడిచి పంపు. లేకపోతే లేదని రాయి. లేదని రాయడం మర్చిపోకు, మా పనిలో సగం అదే.

ఫోన్ చేద్దామంటే అన్నయ్య పక్కనుంచి నీ జవాబులు కూడా తనే చెప్పేస్తాడు. నమూనాలు ఎలాగూ పోస్టులోనే రావాలి. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

నీ ఆడపడుచు


సిబ్బంది గది, భోజనాల వేళ
ఫిబ్రవరి 27

మా నాచుపిల్లకి,

నీ కాలు విరిగిందని మీ అన్నయ్య కుట్టుమిషను ఆపేసి మరీ కంగారుపడ్డాడు. ఎలా విరిగిందో చదివి మిషను మీద తలపెట్టి నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. సరేలే, నేనూ నవ్వాను.

ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ పాచి గీకడమే నా ఉద్యోగం. ఇప్పుడు శుభ్రం చేసేవాళ్ళందరికీ పెద్దని కూడా అయ్యాను. నేను గీకి పారేసేదాన్ని నువ్వు అద్దాల బీరువాలో దాచుకుంటావు. మంచి ఇంటికే కోడలిగా వచ్చాను! ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మొగుడైనా నయం, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను నిచ్చెన మీద మోకాళ్ళేసి కూర్చోమనలేదు.

నీ చిట్టిజడ దొరికింది. ఉత్తరపు గోడ మీద, లావుపాటి నీళ్ళ పైపు వెనక. రెండు జానల పొడవు, నా అరచెయ్యంత వెడల్పు. నీళ్ళు చిలకరించి లెక్కపెట్టాను. ఏడుకే విచ్చుకుంది! ఇంకో మూడుసార్లు చేశాను. మా వాళ్ళందర్నీ పిలిచి చూపించాను. చూసినవాళ్ళంతా "ఇదా!" అన్నారు గానీ ఎవరూ తొందరగా కదల్లేదు.

మిగతా అన్ని చోట్లా వెతికాను. మొత్తం అరవై రెండు అట్టలు. మీ అన్నయ్య నిచ్చెన పట్టుకున్నాడు, మెడలో టేపు ఎలాగూ ఉంటుంది కాబట్టి నేల నుంచి ఎన్ని అంగుళాలో కూడా కొలిచి చెప్పాడు. అరవై రెండు చోట్లా లేదు. మూడో ట్యాంకు మెట్ల కింద ఉందనుకుని సంబరపడ్డాను, నీళ్ళు చల్లి నూటయాభై దాకా లెక్కపెట్టినా ముడుచుకునే ఉంది. అది వేరేది. లేదని రాశాను.

ఒక చెడ్డవార్త కూడా ఉంది. ఆ గోడ నల్లబడిందని, పైవాళ్ళు వచ్చినప్పుడు మాట పడాల్సి వస్తోందని మా ఇంజనీరుగారు జూన్ పదిహేను నుంచి సిమెంటు పూత వేయిస్తున్నారు. బస్తాలకి అప్పుడే చెప్పేశారు. నీ కమిటీ ఏదో తొందరగా తేలిస్తే బాగుంటుంది.

నీ వదిన


ఎండునాచుల గది
మార్చి 8

వదినా,

నీ అట్టలు చూసి మా గదిలో ఇద్దరు లేచి నిలబడ్డారు. నేను కూర్చునే ఉన్నాను, లేవలేను కాబట్టి. "నీడ, తడి, నలభై ఒక్క అంగుళాల ఎత్తు, లేదు." ఇంత శ్రద్ధగా చదువుకున్నవాళ్ళు కూడా రాయరు.

సిమెంటు గురించి భయపడకు. ఒక్క చోటే ఉందంటే కచ్చితంగా పై మెట్టే, గోడ మీద చెయ్యి వెయ్యలేరు. రిపోర్టు రాయడానికి అంతకంటే ఏం కావాలి?

కానీ నిజం చెప్పనా, ఈ వారమంతా నాకు అన్నం సయించడం లేదు. రెండు జానలు వదినా! మొత్తం జాతి అంతా కలిపి రెండు జానలు. ఎవరో ఓ బకెట్టు బ్లీచింగు నీళ్ళు అటు విసిరితే అయిపోయింది. ఇక్కడ గాజుబుడ్లలో పెంచుదామని పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కటీ బతకలేదు. ఇంకొక్క చోటైనా ఉండి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. నీకు కాక ఎవరికి చెప్పుకోను? మా వాళ్ళ దగ్గర ఇలా మాట్లాడితే శాస్త్రవేత్తవి, నీకిదేం దిగులంటారు.

నీ ఆడపడుచు


సిబ్బంది గది
ఏప్రిల్ 6

నాచుపిల్లా,

దిగులుపడకు, అన్నం తిను. రెండో ట్యాంకు దగ్గర దొరికింది! తూర్పు గోడ, నలభై ఎనిమిది అంగుళాల ఎత్తు. చిన్న బిళ్ళంత ఉంది. నమూనా ఇందులోనే పెట్టాను. మొదటిసారి సరిగ్గా చూడలేదేమో. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఇంకేమీ విశేషాల్లేవు.

వదిన


ఎండునాచుల గది
ఏప్రిల్ 13

వదినా వదినా వదినా,

అదే! చిట్టిజడే! భూతద్దం కింద పెట్టి ఓ చుక్క నీళ్ళు వేశాను, జడ విప్పుకుంది. కుర్చీలోంచి లేవబోయి డాక్టరు చేత తిట్లు తిన్నాను. నువ్వు బంగారానివి. ఇంకా వెతుకు!

నీ ఆడపడుచు


సిబ్బంది గది
మే 4

నాచుపిల్లా,

ఇంకా మూడు చోట్ల దొరికింది. నాలుగో ట్యాంకు, ఐదో ట్యాంకు, కాలవ మెట్ల పక్కన. మూడు నమూనాలూ పెట్టాను. ఇప్పటికి మొత్తం ఐదు చోట్లు. ఇక నువ్వు హాయిగా ఉండొచ్చు. నేను బాగానే ఉన్నాను, చేతి నిండా పని. ఉంటాను.

వదిన


ఎండునాచుల గది
మే 21

బంగారు వదినకి,

నిన్న కమిటీ అయింది. రిపోర్టులో ఐదు చోట్లూ పెట్టాను, నీ పేరు కూడా రాశాను. ముఖ్యమైన సంగతి, చిట్టిజడ రెండు మెట్లు దిగింది! ఒక మొక్క మెట్టు దిగితే పండగ చేసుకునే ఉద్యోగం మాది ఒక్కటే అనుకుంటాను. గది మొత్తానికి టీలు తెప్పించాను.

ఒక్కటే వెలితి. అన్ని చోట్ల ఉంటే ఒక్క గోడకి పూత వేసుకుంటే నష్టమేమీ లేదన్నారు అధ్యక్షులవారు. మీ ఇంజనీరుగారికి అభ్యంతరం లేదని ఉత్తరం కూడా వెళ్ళిపోయింది. ఆ పాత గోడ పోతుందంటే మనసు చివుక్కుమంది. కానీ మిగతా నాలుగూ ఉన్నాయిగా, నువ్వు వెతికిపెట్టినవి. కాలు కూడా బాగానే అతుక్కుంటోంది.

నీ ఆడపడుచు


ఇల్లు, మీ అన్నయ్య కుట్టుబల్ల మీద
మే 25

అమ్మా,

ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే నన్ను తిట్టు.

ఆ నాలుగూ నేను అంటించినవే.

నువ్వు అన్నం తినలేదని రాశావు. ఇంకొక్క చోటైనా ఉంటే బాగుండునన్నావు. ఉంటే ఏం, లేకపోతే మనం పెడదాం, ఎవరు వద్దన్నారు, అనుకున్నాను. ఓ ఆదివారం గోడ మీంచి చెంచాతో నాలుగు చోట్ల గీసి తీశాను. మీ అన్నయ్య బట్టల పొట్లాలకి చీటీలు అంటించే మైదా జిగురు ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. దానితో నాలుగు చోట్ల అంటించి పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించాను. మీ అన్నయ్య చూసి "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అన్నాడు. కందకు కూడా దురదగానే ఉంది, ఉత్తరం రాసిందిగా, అన్నాను. పెంచితే తప్పేముంది, దొరికిందని చెప్తే నువ్వు సంతోషిస్తావు, అంతే కదా అనుకున్నాను. అది మెట్లు దిగుతుందని, గోడ పోతుందని నాకు తట్టలేదు. నువ్వు ముందే రాశావు, చదివాను కూడా. అయినా తట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, దాచుకుని మొయ్యలేను. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఏడు ట్యాంకుల గోడలూ గీకింది నేనే. పైపు వెనక ఎందుకు మిగిలిందో తెలుసా? నా బ్రష్షు అక్కడ పట్టదు. అంతే. నా చెయ్యి దూరితే అదీ ఉండేది కాదు. భూతద్దంలోంచి మొదటిసారి అది విచ్చుకోవడం చూసినప్పుడు నాకు ముందు సంతోషం వేసింది, తర్వాత భయం వేసింది. ఇంకెన్ని చోట్ల ఉండేదో, అన్నీ నా బకెట్లోనే పోయాయేమో. అందుకే మళ్ళీ పెట్టాలనిపించింది. నీకోసమని రాశాను గానీ సగం నాకోసమే.

సిమెంటు బస్తాలు వచ్చేశాయి. మెట్ల కింద పేర్చారు. ఏదైనా చెయ్యి. నా పేరు చెప్పి చెయ్యి.

వదిన


ఎండునాచుల గది
మే 30

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నమూనాలు తిరగేసి అయోడిన్ చుక్క వేసి చూశాను. పిండి ఉంటే నీలంగా మారుతుంది. నాలుగూ మారాయి.

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చాను. అధ్యక్షులవారు ఒకే ప్రశ్న అడిగారు. ఆ నాలుగూ అబద్ధమైతే ఆ మొదటిదైనా నిజమని ఎలా నమ్మాలి? జూన్ తొమ్మిదిన పరిశీలకురాలు అక్కడికి వస్తారు. ఆవిడ చెప్పినదాన్నిబట్టి పన్నెండున మళ్ళీ కూర్చుంటారు. ఆవిడ తృప్తిపడకపోతే పదిహేనున పూత ఆగదు.

అప్పటిదాకా మీరు ఏదీ ముట్టుకోవద్దు. నీళ్ళు కూడా చల్లొద్దు. అడిగినవన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇట్లు


సిబ్బంది గది
జూన్ 10

అమ్మాయికి,

నన్ను 'మీరు' అన్నావు. ఇన్నేళ్ళలో మొదటిసారి. రెండు చెంపలూ వాయించినా ఇంత నొప్పి ఉండేది కాదు. సరే, అనాల్సిందే. అక్కడ జరిగింది చెప్తాను.

ఆవిడ నిన్న పొద్దున ఎనిమిదింటికే వచ్చింది. నా భుజం దాకా ఉంటుంది మనిషి, మోకాళ్ళకి దిండ్లు కట్టుకుని వచ్చింది. మాట్లాడదు. "ఊఁ" అంటుంది, అంతే. ముందు నేను అంటించిన నాలుగు చోట్లకీ తీసుకెళ్ళాను. నువ్వు నీళ్ళు చల్లొద్దన్నావు కదా, చల్లలేదు. చల్లినా లాభం లేకపోయేది. మూడు మాడిపోయాయి. నాలుగోదానికి మైదా పిండితో పాటు బూజు పట్టింది. నాలుగూ పోయాయి నాచుపిల్లా. నేనే చంపుకున్నాను. ఆవిడ ముందు ఏడవకూడదని పైపుల వైపు తిరిగి నిలబడ్డాను. ఆవిడ "ఊఁ" అంది. ఈసారి కాస్త మెత్తగా అంది.

తర్వాత ఉత్తరపు గోడ. చెంచాతో గీసిన చోట్లు నాలుగూ నేనే చూపించాను. రెండు జానలు కాస్తా జానన్నర అయింది. కొలిచి రాసుకుంది. అప్పుడు అడిగింది, "వెతికిన చోట్లన్నీ రాశారటగా, ఏవీ?" అని. నీకు పంపే ముందు మీ అన్నయ్య అన్నీ నోటుపుస్తకంలో ఎత్తి రాసిపెట్టాడు, ఆయనకి కొలతలంటే ప్రాణం కదా. తెచ్చిచ్చాను. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అరవై రెండూ చదివింది. చదివి, "ఏడో నంబరు చూపించండి" అంది. చూపించాను. "ముప్ఫై మూడు." అదీ చూపించాను. అలా పద్దెనిమిది చోట్లకి తిప్పింది నన్ను. ప్రతిచోటా టేపు పట్టింది, భూతద్దం పెట్టింది. అన్నీ నేను రాసినట్టే ఉన్నాయి. ఎక్కడా లేదు.

వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, "ఫిబ్రవరిలో ఇంత నిజం రాసిన మనిషి ఏప్రిల్లో అబద్ధం ఎందుకు రాశారు?" అంది. "మా ఆడపడుచు అన్నం తినలేదండీ" అన్నాను.

ఆవిడ దాన్ని కూడా రాసుకుంది. నీ పరువు తీశానేమో. పన్నెండున ఏం తేల్చారో వెంటనే రాయి.

వదిన


ఎండునాచుల గది
జూన్ 13

మా వదినకి,

మొదట 'మీరు'ని వెనక్కి తీసుకుంటున్నాను. రిపోర్టు వెనక్కి తీసుకోవడం కంటే ఇది తేలిక, కానీ ముందే చెయ్యాల్సింది.

ఎందుకంటే తప్పు నీ ఒక్కదానిదే కాదు. నమూనా వచ్చినప్పుడు తిరగేసి అడుగు చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేను నేర్పేదే అది. నాలుగు నమూనాలు వచ్చాయి, ఒక్కదానికీ చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందోనని భయం. అది నిజం కావాలని నాకు అంత ఆశ. ఈ మాట కమిటీ ముందు నా నోటితో చెప్పాను. నీ పేరు చెప్పి తప్పించుకోలేదు.

నువ్వు గీకేశావేమో అన్నదానికి నీకు ఓదార్పు చెప్పలేను వదినా, అబద్ధమవుతుంది. గీకావేమో. ఎప్పుడూ ఆ ఒక్క గోడ మీదే ఉందేమో. తెలియదు. తెలియదనే రాశాను. కానీ ఇది మాత్రం తెలుసు. ఇవాళ అది ఆ గోడ మీద ఉందని, ఇంకెక్కడా లేదని, వేరే గోడకి తీసుకెళ్తే బతకడం లేదని పరిశీలకురాలు రాశారు. ఆ చివరి సంగతి ఎవరికీ తెలియదు, నీ మైదా జిగురు పుణ్యమా అని తెలిసింది. అలా తెలుసుకోమని నేను ఎవరికీ చెప్పను!

చిట్టిజడ పై మెట్టు మీదకి వెళ్ళింది. తీవ్ర ప్రమాదం. మీ ఇంజనీరుగారికి అధ్యక్షులవారే స్వయంగా ఫోన్ చేశారు. పూత ఉండదు. బస్తాలు ఎత్తేస్తారు. నువ్వు ఇది చదివేసరికి ఎత్తేసి కూడా ఉంటారు.

ఇక ఫారం సంగతి. ఈ ఉత్తరం వెనకే నీకు ఒక కాపీ వస్తుంది, చూసి గాభరాపడతావని ముందే చెప్తున్నాను. అందులో 'ముప్పులు' అని ఒక గడి ఉంటుంది. ఉన్నదున్నట్టు నింపాలి. సిమెంటు పూత అని రాశాను, బ్లీచింగు అని రాశాను. మూడోది రాయడానికి కాసేపు పట్టింది. రాశాను: "శుభ్రం సిబ్బంది పెద్ద. చెంచాతో తీసి నాలుగు చోట్ల అంటించారు, నాలుగూ పోయాయి."

దాని కింద 'రక్షణకి బాధ్యులు' అని ఇంకో గడి ఉంది. ఆ గోడని రోజూ చూసే మనిషి కావాలి. జానన్నరలో ఓ వేలంత తగ్గినా పసిగట్టాలి, పసిగట్టింది దాచకుండా రాయాలి. ఎంత ఆలోచించినా ఒక్కరే తేలారు. ఆ గడిలోనూ రాశాను: "శుభ్రం సిబ్బంది పెద్ద."

అధ్యక్షులవారు కళ్ళద్దాలు పైకీ కిందకీ జరిపి రెండు గళ్ళూ చదివారు. "ముప్పూ ఈవిడే, రక్షణా ఈవిడేనా? ఎవరమ్మా ఈవిడ?" అన్నారు.

"మా వదినండీ" అన్నాను.

పరిశీలకురాలు "ఊఁ" అన్నారు. ఆయన సంతకం పెట్టేశారు.

నీ నాచుపిల్ల